తొమ్మిది ఫైళ్లు

మా ఇంట్లో బీరువా పక్కన ఒక నల్లటి డబ్బా రాత్రింబవళ్లు సన్నగా గురగురమంటూ ఉంటుంది. అందులో నాలుగు హార్డ్‌డిస్కులు. అట్టపెట్టె మీద ఒక్కోటి 4 టెరాబైట్లని రాసి ఉంటుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే 3.6 అంటుంది. తయారుచేసేవాళ్లు వెయ్యితో లెక్కిస్తారు, కంప్యూటర్ 1,024తో లెక్కిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు గానీ, మొదటిసారి చూసినప్పుడు కందిపప్పు తూకంలో తేడా వచ్చినట్టే అనిపించింది.

వాటిలో మా కుటుంబం మొత్తం ఉంది. పెళ్లి వీడియోలు (అప్పటి మినీ డీవీ టేపు గంటకి 13 గిగాబైట్లు తింటుంది), అమ్మాయి ఫొటోలు, పాత సినిమాలు, వీటన్నిటి మధ్య నాన్న పద్యాలు. 1988 శ్రీరామనవమికి తెనాలి దగ్గర మా ఊరి పందిట్లో నాన్న కృష్ణుడి వేషం కట్టి రాయబారం ఆడారు. ఆ రాత్రి బాబాయ్ టేప్‌రికార్డర్ పెట్టి 90 నిమిషాల క్యాసెట్ నింపాడు. నాన్న 1999లో పోయారు. 2006లో ఆ క్యాసెట్‌ను నేను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇరవై ఫైళ్లుగా కోశాను. తర్వాత ఇల్లు మారినప్పుడు క్యాసెట్ ఎక్కడో పోయింది. కంప్యూటర్‌లో ఉంది కదా అని నేనూ పెద్దగా వెతకలేదు.

మొదట్లో నాది బీరువా పద్ధతి. ఒకటో డిస్కులో సినిమాలు, రెండోదాంట్లో ఫొటోలు, మూడోదాంట్లో పాటలు. ఏడాది తిరక్కుండానే ఫొటోల అర నిండిపోయింది. మిగిలినవి సినిమాల డిస్కులోకి వెళ్లాయి. ఆ తర్వాత ఏది ఎక్కడుందో నాకే తెలియని స్థితి. అప్పుడు మెర్జర్‌ఎఫ్ఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాను. సరుకు మూడు గోడౌన్లలో ఉన్నా కౌంటర్ ఒకటే ఉన్నట్టు, మూడు డిస్కులనూ అది ఒకే ఫోల్డర్‌గా చూపిస్తుంది. ప్రతి ఫైలూ ముక్కలు కాకుండా ఏదో ఒక డిస్కులో పూర్తిగా ఉంటుంది. కొత్త ఫైలు వస్తే ఎక్కడ ఎక్కువ చోటుంటే అక్కడ పెట్టమని చెప్పాను.

నాలుగో డిస్కు కాపలాకి. స్నాప్‌రెయిడ్ అనే మరో సాఫ్ట్‌వేర్ మూడు డిస్కుల లెక్కా కలిపి అందులో రాసిపెడుతుంది. ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకరి వాటా కాగితం పోయినా, మొత్తం ఆస్తి ఎంతో, మిగతా ఇద్దరి వాటాలెంతో తెలిస్తే ఆ మూడోది తేల్చవచ్చు కదా, అలాగన్నమాట. ఆ లెక్కని రోజూ రాత్రి మూడింటికి సరిచూసుకోమన్నాను. ఏదైనా పొరపాటు జరిగి ఒకేసారి 50కి మించి ఫైళ్లు మాయమైతే మాత్రం లెక్క మార్చకుండా ఆగమన్నాను. ఇక నిశ్చింత అనుకున్నాను.

ఒక ఆదివారం పేర్లు సరిచేద్దామని కూర్చున్నాను. ప్రతి పద్యానికీ ఎత్తుగడ, రాగం, తేదీ అన్నీ తెలుగులోనే పెట్టాలని నా పంతం. లైనక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగుకి మూడు కావాలి. పైగా గుడికీ, పొల్లుకీ విడివిడిగా లెక్క. ‘శ్రీ’ ఒక్కటే 12 బైట్లు మింగుతుంది. సగం పద్యం కూడా పట్టడం లేదు. ఆ విసుగులో ఉండగా మూడో డిస్కును విడిగా తెరిచాను. అందులోనూ ‘నాన్న పద్యాలు’ ఫోల్డర్ కనిపించింది. తొమ్మిది ఫైళ్లు. కలిపి చూపే ఫోల్డర్‌లో ఇరవై ఉన్నాయి, ఆ ఇరవైలో ఈ తొమ్మిదీ ఉన్నాయి. అదే పేరు, అదే సైజు. డూప్లికేట్లే అనుకుని చెరిపేశాను.

అవి డూప్లికేట్లు కావు. అద్దంలో బొమ్మని చూసి ఇంకో మనిషి ఉన్నాడనుకోవడం లాంటిదే నేను చేసింది. ఎక్కువ చోటున్న డిస్కులో పెట్టమన్నాను కాబట్టి పద్యాలు రెండో డిస్కులో పదకొండు, మూడోదాంట్లో తొమ్మిది సర్దుకున్నాయి. ఆ రాత్రి మూడింటి లోపు గుర్తించి ఉంటే నాలుగో డిస్కులోని పాత లెక్కతో వెనక్కి తెచ్చుకోగలిగేవాణ్ని. పోయినవి 50 కాదు, తొమ్మిదే. కాపలావాడు ఆగలేదు. కొత్త లెక్క రాసేసుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత నాన్న తద్దినం నాడు పద్యాలు పెట్టమని అమ్మ అడిగింది. మూడో పద్యం తర్వాత ఏడోది వచ్చింది. ‘మధ్యలోవి ఏవిరా?’ అంది. చెప్పలేకపోయాను.

విశాఖలో ఉండే అక్క దగ్గర ఒక సీడీ దొరికింది. 2006లోనే బావ తన సీడీ ప్లేయర్‌లో వినడానికని నా ఫైళ్లతో చేసుకున్నది. పదిహేడేళ్ల సీడీ చక్కగా పలికింది. ఎనిమిది పద్యాలు తిరిగి వచ్చాయి. కానీ ఆడియో సీడీలో పట్టేది 80 నిమిషాలే. ఇరవయ్యో ఫైలు పట్టక బావ వదిలేశాడు. అందులో పద్యం లేదు కదా!

పద్యం లేదు, నిజమే. నాటకం అయ్యాక బాబాయ్ టేపు ఆపడం మర్చిపోయాడు. తెర వెనక రంగు కడుక్కుంటూ నాన్న మాట్లాడిన పది నిమిషాలవి. పంతొమ్మిది ఫైళ్లలో వినిపించేది కృష్ణుడు. నాన్న ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే.

అమ్మ ఆ క్యాసెట్ ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. ఏముండేదో చెప్పమని కూర్చోబెట్టాను. ‘ముందు హార్మోనిస్టుకి టీ ఇచ్చారా అని అడుగుతారు. నూనె తెమ్మంటారు. మీసం జిగురు ఊడడం లేదని బాబాయిని తిడతారు. తర్వాత నువ్వెక్కడ పడుకున్నావని అడుగుతారు...’ ఫోన్‌లో రికార్డు చేశాను, నాలుగు నిమిషాలు వచ్చింది. దానికి ఇరవయ్యో నంబరు వేసి మూడు డిస్కుల్లోనూ విడివిడిగా పెట్టాను. ఇరవై ఫైళ్లూ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, మర్నాడు విశాఖకి కొరియర్ చేశాను.