రాధానగర్ ఇసుక

సౌందర్యానికి చరిత్రతో పనిలేదనీ, చూసే కన్నుంటే చాలుననీ వాదించే విమర్శకులు మనలో ఇంకా ఉన్నారు. అండమాన్ దీవులు చూసి వచ్చాక ఆ వాదం నాకు మరింత డొల్లగా కనిపిస్తున్నది.

మాది నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లి. కృష్ణానీళ్లు కుళాయిలకు వచ్చేదాకా మా ప్రాంతానికి నీరంటే బోరునీరు, అందులో ఫ్లోరైడు. నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగినవాడికి రాధానగర్ తీరం నోట మాట రానివ్వదు. పిండిలాంటి తెల్లని ఇసుక. వెనుక మహావృక్షాల అడవి. ఒడ్డున పచ్చగా, లోనికి పోనుపోను నీలంగా మారే నీరు. 2004లో ‘టైమ్’ పత్రిక దీన్ని ఆసియాలోకెల్లా మేలైన తీరమని మెచ్చుకుంది. ఆ మెప్పు అబద్ధం కాదు. మోకాటిలోతు నీటిలో చాలాసేపు నిలబడ్డాను. అందాన్ని కాదనడమే అభ్యుదయమని నేననుకోను.

అయితే ఆ పేరెక్కడిది? ఈ దీవిని హేవ్‌లాక్ అనేవారు. 1857 తిరుగుబాటును అణచిన ఇంగ్లీషు సేనానుల్లో ఒకడి పేరది. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు. రాధానగర్ మాత్రం కాందిశీకుల ఊరు. దేశవిభజనలో సర్వం పోగొట్టుకొని తూర్పు బెంగాలునుంచి వచ్చిన కుటుంబాలకు ఇక్కడ భూములిచ్చారు. అడవి కొట్టి, మళ్లు కట్టి వారు నిలదొక్కుకున్నారు. యాత్రికుడి నోట ఆ ఊరి పేరు కూడా పోయి ‘ఏడో నంబరు బీచి’ మిగిలింది.

దీవుల అసలు బిడ్డల సంగతి మరీ ఘోరం. 1858లో ఇంగ్లీషువారు శిక్షాస్థావరం పెట్టిననాడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు, బయటివారు తెచ్చిన రోగాలకూ తుపాకులకూ బలై, ఈనాడు కొన్ని పదులమంది మిగిలారు.

1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీపై దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లాఉద్దీన్ ద్వీపాంతర శిక్షపడి ఇక్కడే కన్నుమూశాడు. నాకు ముందే ఈ సముద్రం చూసిన మా వైపు మనిషి అతను. యాత్రికుడిగా రాలేదు. 1906 నాటికి పూర్తయిన సెల్యులర్ జైలులో 698 గదులు. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా బలిఅయ్యారు. అదే జైలులో 1935లో ఖైదీలు కమ్యూనిస్టు కన్సాలిడేషన్ స్థాపించుకొని, చెరసాలను పాఠశాల చేసుకున్నారు.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. పోర్టుబ్లెయిరులో చేపలమ్ముతున్న సిక్కోలు అమ్మ ఒకామె నన్ను చూసి నవ్వింది: “సంద్రం సూడ్డానికి డబ్బెట్టుకొని వస్తారేటి బాబూ!”

ఈ ప్రశ్నకు జవాబు మన విమర్శ చెప్పాలి. సముద్రం ఆమెకు పని, నాకు సెలవు. ఈ తేడా కంటిలో లేదు, బతుకులో ఉంది. 1936లో ఫ్రాన్సు కార్మికులు సమ్మెకట్టి జీతంతో కూడిన రెండు వారాల సెలవు సాధించారు. ఆ వేసవిలో ఎందరో తొలిసారి సముద్రం చూశారు. వారికి కొత్త కళ్లు రాలేదు, తీరిక వచ్చింది. మా ఊళ్లో పత్తి ఏరే కూలిమనిషికి పనిమానిన రోజు కూలి లేదు. ఆమెకు సౌందర్యదృష్టి లేదనేముందు ఆమెకు సెలవెవరిచ్చారో అడగాలి. సౌందర్యశాస్త్రం అక్కడినుంచి మొదలుకావాలి.