బొల్లారం దారిలో గుండె దడ

మా కౌకూరు బొల్లారానికి పక్కనే. 2009లో మా బాబుకి మూడేళ్ళు. జలుబని చూపిస్తే డాక్టరుగారు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. "గుండెలో ఏదో శబ్దం వినిపిస్తోందమ్మా. సిటీలో ఎకో తీయించండి" అన్నారు. ఆ రాత్రి అన్నం కలుపుకుని అలాగే కూర్చుండిపోయాను.

అప్పటికి మాకు ఎం.ఎం.టి.ఎస్. ఎక్కడిది? బొల్లారం మీదుగా మేడ్చల్ దాకా అది వచ్చింది 2023లోనే కదా! ఆటోలో బొల్లారం, అక్కణ్ణించి సికింద్రాబాదు బస్సు. రాష్ట్రపతి నిలయం దగ్గరికి రాగానే "లోపల ఏముందమ్మా?" అన్నాడు. అప్పట్లో చలికాలంలో కొద్దిరోజులే జనాన్ని రానిచ్చేవారు. "పెద్ద తోట నాన్నా, చూపిస్తాలే" అన్నాను.

పాలు తాగేటప్పుడు చెమట పట్టేదా, పెదవులు నీలంగా మారేవా, బరువు పెరుగుతున్నాడా అని అడిగారు. ముందు ఇ.సి.జి., తర్వాత ఎకో. ఎకోకి సూదీ లేదు, నొప్పీ లేదు. చల్లటి జెల్ రాసి చూస్తారంతే. కానీ పిల్లాడు కదలకూడదు. కొందరికి నిద్రమందు పడతారట. నేను మాత్రం నా గాజులు లెక్కపెట్టమన్నాను. వాడికి పది దాకానే వచ్చు. పది కాగానే మళ్ళీ ఒకటి!

కింది గదుల మధ్య గోడకి చిన్న రంధ్రం. ఇలాంటివి చాలావరకు వాటంతటవే పూడుకుంటాయన్నారు. మా వారు ఖర్చు గురించి నసిగితే, ఆపరేషన్ కావలసి వస్తే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉందన్నారు. అది అవసరం పడలేదు. ఏడాదికోసారి చూపిస్తూ వచ్చాం, మూడో ఏటికి పూడిపోయింది.

2023 నుంచి నిలయం ఏడాది పొడుగునా తెరిచే ఉంటోంది. మొన్న వాడే తీసుకెళ్ళాడు. తోటంతా తిరిగి నేను ఆయాసంతో కూలబడితే, "గాజులు లెక్కపెట్టుకో అమ్మా" అన్నాడు వెధవ!