జీపు వెనుకటి బంపరు

జీపును ఎరుగని విద్యార్థి మన నాట అరుదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941వ సంవత్సరము మొదలుకొని, అమెరికా సైన్యము కొరకు విల్లీసు, ఫోర్డు కర్మాగారములు ఈ బండిని ఆరు లక్షలకు పైగా నిర్మించినవి. నాలుగు చక్రములకును ఇంజను బలము అందుటచే బురదయని, ఇసుకయని, రాతినేలయని చూడక ఇది సాగిపోవును. 1945లో లూధియానాలో స్థాపింపబడి, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అను పేరు దాల్చిన సంస్థ ఈ బండ్లను మన దేశముననే కూర్చి అమ్మసాగెను. 1952వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ఆరంభమైన పిమ్మట బ్లాకు అధికారి జీపు పల్లెపల్లెకును పరిచయమయ్యెను. దాని వెంట దుమ్ములో పరుగెత్తని పిల్లవాడు ఆ కాలమున లేడని మా పెద్దలు చెప్పుచుండిరి.

సైనికుల జీపునకు వెనుకవైపున పూర్తి బంపరు లేదు. ఇరుప్రక్కల రెండు చిన్న ఇనుప తునకలును, నడుమ ట్రెయిలరును తగిలించుటకు ఒక కొక్కెమును మాత్రమే యుండెడివి. మన కొండదారులలో ఆ బండి బాటసారులను మోయ నారంభించిన తరువాత యజమానులు వెనుక వెడల్పైన ఇనుప పట్టెను బిగించి, దానిని మెట్టుగా మార్చివేసిరి. లోపల చోటు చాలనివారు ఆ మెట్టుపై నిలిచి, పైకమ్మిని పట్టుకొని ప్రయాణము చేయుదురు. బండిని కాపాడవలసిన బంపరు ఈ విధముగా మనుష్యులను మోయు పలక యయ్యెను. నేను చెప్పబోవు సంగతి అట్టి యొక పలకను గూర్చియే.

2004వ సంవత్సరమున నేను శ్రీకాకుళం జిల్లాలో పని చేయుచుంటిని. పాలకొండకును, దానికి ఎగువనున్న సీతంపేటకును నాకు తరచు రాకపోకలుండెడివి. (ఈ రెండు ఊళ్లును 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినవి.) సీతంపేటలో వారమునకొకసారి సంత జరుగును. సవరలు తమ కొండలపై పండించిన అనాసపండ్లు, పసుపు, అల్లము, చింతపండు, కొండచీపుళ్లు అచటికి దింపుదురు. నాయొద్ద చదివిన యువకుడొకడు ఆ సంతదారిలో నడుపుటకై అప్పు చేసి ఒక పాత డీజిలు జీపును కొనెను. అది అంతకు పూర్వము సముద్రతీరమున, నౌపడ ఉప్పుకొటారుల ప్రాంతమున, ఉప్పు బస్తాల ట్రెయిలరును లాగిన బండి.

ఉప్పు మోసిన ఇనుము ఎట్లుండునో మీరు ఊహింపగలరు. గాలియు నీరును కూడినచోటనే మేకు తుప్పుపట్టుననియు, కాచి చల్లార్చి పైన నూనె పోసిన నీటిలోను, తేమలేని గాలిలోను పట్టదనియు మీ సామాన్యశాస్త్రపు తరగతిలో మూడు పరీక్షనాళికలతో చూపియుందురు. ఆ నీటిలో ఉప్పు చేరెనా, తుప్పు మరింత వేగముగా పెరుగును. తడిసిన బస్తాలనుండి కారిన ఉప్పునీరు ఆ బంపరుపై ఎన్ని యేండ్లు పడినదో! పైకి మాత్రము దానికి నిగనిగలాడు నల్లరంగు పూసియుండిరి. కాని రంగు అక్కడక్కడ పొక్కులెత్తినది. రంగు పొక్కినదనగా క్రింద తుప్పు లేచుచున్నదని గ్రహింపవలెను. కొనునపుడు మా యువకుడు పొక్కులను చూచెను గాని, రంగు చౌకరకముదని తలచెను.

క్రొత్త బంపరును బిగింపించుటకై అతడు బండిని పాలకొండలోని ఒక మరమ్మతు షెడ్డుకు తోలుకొనిపోయెను. ఆ దినమున నేనును అతనితో నుంటిని. మేస్త్రి ఏబది యేండ్లు దాటినవాడు, మితభాషి. ఆయన మొదట చేసిన పని స్పానరు పట్టుట కాదు, బండి క్రిందికి నీరు కొట్టి బురదను కడుగుట. పిదప తీగెబ్రష్షుతో ఒక్కొక్క బోల్టు కొనను, నట్టును దాటి బయటకు వచ్చిన మరలను, తెల్లగా తోమెను. “మాస్టారూ, నట్టు దిగి రావలసిన దారి ఇదే. దారిలో రాళ్లుంటే బండి ఆగదూ? ఇదీ అంతే” అనెను. తరువాత కిరసనాయిలులో కొంత ఇంజను నూనె కలిపి ఆరు బోల్టుల మొదళ్లలోను బొట్లుబొట్లుగా వేసి, “రేపు రండి” అనెను.

“రేపా! నాలుగు రోజుల్లో సంత ఉంది మేస్త్రీ” అని మా యువకుడు తొందరపడెను. ఆయన మారుపలుకక చేతులు తుడుచుకొనెను.

తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె రెట్టింపునకు మించిన చోటు నాక్రమించును. నట్టునకును బోల్టునకును నడుమనుండు సన్నని సందులో అది పెరిగి రెండింటిని ఒకే ముద్దగా బిగించివేయును. చమురు ఆ సందులోనికి ఎట్లు పోవునందురా? దీపపు వత్తిలోనికి నూనె ఎట్లు ఎగబ్రాకునో అట్లే. దానికి కావలసినది మన బలము కాదు, కాలము. బలశాలియైన కుర్రవాడు ఒక గంటలో విరుగగొట్టు బోల్టును ఒక రాత్రి నానిన చమురు పదిలముగా వదలించుటను నేను మరునాడు కన్నులార చూచితిని.

మరునాడు చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టిరి. జాకీతో వెనుకభాగమును పైకెత్తి, చాసిస్ క్రింద రెండు దుంగలను నిలిపిరి. ఒక్క జాకీని నమ్మి బండి క్రింద దూరుట ఆ షెడ్డులో నిషేధము. మేస్త్రి నట్టుపై నాలుగు వైపుల సుత్తితో మెల్లగా తట్టి, రింగు స్పానరు తగిలించి, దానిని విప్పు దిశకు గాక ముందు బిగించు దిశకే రవంత త్రిప్పెను! నాకు వింతగా తోచెను. ఆ చిన్న కదలికకు తుప్పు పట్టు తెగునట. పిమ్మట వెనుకకు, మరల ముందునకు, కొంత చమురు, మరల వెనుకకు. రెండు నట్లు ఇట్లు లొంగినవి. మూడవదానితోపాటు బోల్టు కూడ తిరుగసాగెను. షెడ్డులోని కుర్రవాడు క్రిందికి దూరి బోల్టు తలను మరియొక స్పానరుతో పట్టుకొనగా అదియు వచ్చెను.

నాలుగవది కదలలేదు. “గ్యాసు తేరా” అనెను మేస్త్రి. మంట వచ్చులోగా ఆయన చేసిన సన్నాహము చూడదగినది. బ్యాటరీ తీగెలను విప్పెను. డీజిలు తొట్టి ఎచటనున్నదో, దాని గొట్టము ఏ ప్రక్కగా పోవుచున్నదో, బ్రేకు గొట్టము ఎంత దూరమున నున్నదో వ్రేలితో తడిమి చూచెను. నిన్న తానే వేసిన చమురును గుడ్డతో తుడిచెను. ఇసుక బకెట్టును, నీళ్ల బకెట్టును చేరువకు తెప్పించెను. మంటను బోల్టునకు సోకనీయక నట్టు చుట్టును మాత్రమే త్రిప్పెను. నట్టు వేడెక్కి వ్యాకోచించినచో లోపలి బోల్టుపై పట్టు సడలును గదా. నట్టు ఎఱ్ఱబడెను. స్పానరు తగిలింపగా టక్కుమని చప్పుడై అది కదలెను. ఐదవ బోల్టు నడిమికి విరిగెను. దానికాయన విచారింపలేదు, పాత బోల్టులను తిరిగి వాడు ఉద్దేశ మాయనకు మొదటినుండియు లేదు. ఆరవ నట్టు అంచులరిగి గుండ్రమైపోయినందున దానిని ఉలితో చీల్చిరి.

బోల్టులన్నియు పోయినవి. అయినను బంపరు ఊడలేదు! ఇనుమునకు ఇనుము తుప్పుచే అంటుకొని, అది తన చోటనే నిలిచియుండెను. మా యువకునకు ఓపిక నశించెను. “గొలుసు కట్టి ఆ వేపచెట్టుకు బిగిద్దాం. బండిని ముందుకు దూకిస్తే ఊడిపోదూ?” అనెను. మేస్త్రి తల యడ్డముగా నూపెను. “ఊడుతుంది బాబూ. దానితోపాటు చాసిస్ వంగవచ్చు. గొలుసు తెగితే దాని కొస ఎవరి తలకు తగులుతుందో చెప్పలేం.” అట్లని చెక్కముక్కను అడ్డము పెట్టి, ఎడమ కొననొక దెబ్బ, కుడి కొననొక దెబ్బ, తొందరలేక కొట్టుచు పోయెను. పావుగంటకు బంపరు నేలబడెను. దాని వెనుకనుండి తుప్పు పొరలు పొరలుగా, ఎండిన తాటాకు ముక్కలవలె రాలెను.

అసలు సంగతి అప్పుడు బయటపడినది. మేస్త్రి చిన్న సుత్తితో చాసిస్ కొనలను తట్టి చూచెను. ఎడమకొన గంటవలె ఖణేలుమనెను. కుడికొన మట్టికుండ పగిలినట్లు బొద్దుగా పలికెను. ఆయన స్క్రూడ్రైవరును ఆనించి నొక్కెను. అది లోనికి దిగిపోయెను. చింతగింజంత రంధ్రము, పెచ్చులూడ్చిన కొలది అరచేయంతయయ్యెను. బంపరు చాటున ఉప్పునీరు ఇన్ని యేండ్లు నిలిచి ఆ చోటును తినివేసినది.

మా యువకుని ముఖము వాడిపోయెను. కొంతసేపటికి, “పైన ఒక రేకు అతికించి రంగు వేయండి. క్రొత్త బంపరు బిగిస్తే ఎవరికీ కనబడదు. ఈ సంత పోతే నాకు ఈ నెల కిస్తీ లేదు” అనెను. అతని మాట అన్యాయమైనదని త్రోసివేయుటకు నాకు నోరు రాలేదు. అతని యింట అయిదుగురు ఆ బండిపై ఆధారపడియుండిరి. మేస్త్రి మాత్రము కుర్రవానిచే పనిముట్లను పెట్టెలో పెట్టించుచు, “రేకు అతకడం నాకు వచ్చు బాబూ. కాని ఆ పని నా షెడ్డులో జరగదు” అనెను.

“మీరు చెప్పండి మాస్టారూ” అని శిష్యుడు నావైపు తిరిగెను.

నేను తెలుగు చెప్పుకొను పండితుడను; యంత్రముల సంగతి నాకు తెలియదు. ఐనను ఎక్కాలు మరచిపోలేదు. “నాయనా, సంతరోజున ఆ మెట్టుమీద ఎందరు నిలబడతారు?” అని అడిగితిని. ఆరుగురనెను. “మనిషికి ఏబది కిలోలు వేసుకో. ఎంతయింది?” మూడువందలు. “గంపలతో సహా?” అతడు లెక్క చెప్పలేదు. చాసిస్ కొనకు ఆవల, గాలిలో వ్రేలాడు పలకపై ఆ బరువంతయు నుండును. గతుకులో చక్రము పడినపుడు ఆ బరువు బరువుగా నుండదు, సమ్మెట దెబ్బయగును. సీతంపేట దారిలో మలుపులు ఎట్టివో అతనికి నాకంటె బాగుగా తెలియును.

అతడు చాలసేపు ఆ రంధ్రమువైపే చూచెను. తుదకు, “కోసి క్రొత్త పట్టీ వేయండి మేస్త్రీ. ఎన్ని రోజులు?” అనెను. ఆరు రోజులనెను. అనగా సంత పోయినట్లే. ఇంకొక మాట కూడ మేస్త్రి మెల్లగా వేసెను: క్రొత్తగా బిగించు బంపరు సన్నదై యుండవలె, మనుష్యులు నిలుచు మెట్టుగా నుండరాదు. బండి లోపల తప్ప వెలుపల ఎవరిని నిలిపి తీసికొనిపోరాదని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 123వ సెక్షను చెప్పుచున్నది. మేస్త్రి చట్టము చదివినవాడు కాడు. అట్టి మెట్టు ఊడిన బండి నొకదానిని ఆయన తన చేతులతో బాగుచేసియుండెనట. అంతకుమించి చెప్పలేదు, మేమును అడుగలేదు. ఆరుగురి చార్జీ ప్రతి ప్రయాణమునను పోవును. నెలకది చిన్న మొత్తము కాదు. మా యువకుడు సరేయనుటకు మరునాటివరకు గడువు తీసికొనెను.

తినివేయబడిన మేర కోసి, అంతే మందముగల ఇనుప పట్టీని వెల్డింగుచేసి, ఆరిన పిదప లోపలను వెలుపలను ఎఱ్ఱని ప్రైమరు పూసిరి. లోపలివైపు ఎవరికి కనబడునని మనము వదలివేయు చోటనే మేస్త్రి రెండు పూతలు వేసెను. నీరు నిలువక కారిపోవుటకు అడుగున ఒక బెజ్జము తొలిచెను. క్రొత్త బోల్టుల మరలకు గ్రీజు రాసి బిగించుచు, “రేపు ఎవడో ఒకడు వీటిని విప్పాలి కదా మాస్టారూ” అని నవ్వెను. పాత బంపరును తూకము వేసి పాత ఇనుమువానికి అమ్మగా వచ్చిన డబ్బు కుర్రవాని భోజనమునకు సరిపోయెను.

మరుసటి సంతకు నేను ఆ జీపులోనే కొండ యెక్కితిని. తిరుగు ప్రయాణమున అనాసగంపలతో వచ్చిన సవర స్త్రీ యొకతె అలవాటు చొప్పున బండి వెనుక కాలెత్తి మెట్టుకొరకు వెదకెను. మెట్టు లేదు. ఆమె విసుగుకొని ఏదో అనెను, చుట్టునున్నవారు నవ్విరి. మా యువకుడు దిగి వచ్చి ఆమె గంపలను లోనికి చేర్చెను గాని, ఆమెకు లోపల చోటు లేదు. “రెండో ట్రిప్పుకు నిన్నే ముందు ఎక్కిస్తాను అమ్మా, గంపలకు నాదీ పూచీ” అని చెప్పి, బండి నడపసాగెను. ఆమె చింతచెట్టు నీడకు పోయి కూర్చుండెను.