కెర్నల్‌కి మైల

అమ్మకు ఆదివారమంటే తమ్ముడి మొహం. వాడు డాలస్‌లో, మేం హైదరాబాద్‌లో. కంట్లో శుక్లం వచ్చాక ఫోన్ తెర మీద వాడు ఆనడం లేదంది. అందుకే నాన్న ఉన్నప్పుడు కొన్న పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి ముందు పెట్టాను. ఆ మధ్య ఓ శనివారం అది అప్‌డేట్ అడిగితే సరేనని నొక్కాను. మర్నాటికి వైఫై మాయం!

"ఆ డబ్బా పారెయ్ అన్నయ్యా, కొత్తదానికి డబ్బులు పంపిస్తా" అన్నాడు తమ్ముడు ఫోన్లో. రోషం వచ్చింది. నేను చదివింది జర్నలిజం డిప్లొమా. అయినా కూర్చున్నాను.

కంప్యూటర్లో పెత్తనమంతా కెర్నల్‌ది. వైఫై, కెమెరా, ప్రింటర్... దేంతో ఎలా మాట్లాడాలో దానికి నేర్పే ముక్కలే మాడ్యూళ్లు. మొదట్లో లైనక్స్‌లో ఇవి లేవు. కొత్త పరికరానికి చోటివ్వాలంటే కెర్నల్ మొత్తాన్నీ మళ్లీ తయారుచేసుకోవాల్సిందే. 1995లో 1.2 వెర్షన్ వచ్చేనాటికి ఆ బాధ తప్పింది. ఫ్యాను బిగించడానికి ఇల్లు కూల్చి కట్టం కదా, అలాగన్నమాట.

మా వైఫై ముక్క కెర్నల్‌తో పాటు వచ్చేది కాదు, విడిగా చేసి పెట్టింది. పాత ఫైలు ఉందిగా అని, ఎక్కించే ఆజ్ఞ 'ఇన్స్‌మాడ్' కొట్టాను. 'ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్' అంది. ఏ కెర్నల్ కోసం తయారైందో ఆ ముద్ర మాడ్యూల్ మీద ఉంటుందట. ముద్ర కలవకపోతే గడప దాటనివ్వదు. కొత్త కెర్నల్ హెడర్ ఫైళ్లు దించుకుని, మాడ్యూల్‌ను మళ్లీ తయారుచేయాలి. నెట్ లేందే దించుకోవడం ఎలా? ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి దాని డేటా వాడాను. ఆ తర్వాత 'మేక్'. కెర్నల్ మొత్తమైతే ఆ ముసలి మిషన్ మీద గంటలు పట్టేది. ఇది టీ చల్లారేలోగా అయిపోయింది.

మళ్లీ ఇన్స్‌మాడ్. ఈసారి కిక్కురుమనలేదు. లాగ్‌లో మాత్రం ఓ గొణుగుడు... బయటి మాడ్యూల్ ఎక్కించారు, కెర్నల్‌కి మైల అంటిందని! నేను కల్పించింది కాదు, 'టెయింట్స్ కెర్నల్' అనే ఉంది.

సాయంత్రం అమ్మ వాడితో గంటసేపు మాట్లాడింది. సోమవారం ఆన్ చేస్తే వైఫై మళ్లీ లేదు. ఇన్స్‌మాడ్ చేసింది కంప్యూటర్ ఆపేదాకానేనట. ఫైలును మాడ్యూళ్ల డైరెక్టరీలో పెట్టి 'డెప్‌మాడ్' కొట్టాక గానీ కుదురుకోలేదు.

పైగా ప్రతి కొత్త కెర్నల్‌కీ ఈ తతంగం తప్పదు. డీకేఎంఎస్ పెట్టుకుంటే అదే చూసుకుంటుందని తమ్ముడు చెప్పాడు. ఇంకా పెట్టలేదు. నిన్న మళ్లీ అప్‌డేట్ అడిగింది.

"వాడితో మాట్లాడాక నొక్కరా" అంది అమ్మ.