పాత కారు - కొత్త పద్దులు

ఈమధ్య మన సంఘం సభ్యుల్లో ఎవరింటికి వెళ్ళినా ఒకటే ప్రశ్న: "ఆఫీసరు గారూ, సెకండ్ హ్యాండ్ కారు కొనవచ్చునంటారా?" బ్యాంకులో వాహన ఋణాల కాగితాలు చూస్తాను కనుక నన్ను అడుగుతారు. నేను బి.కాం. చదివిన వాణ్ణి. బానెట్ ఎత్తితే నాకు తెలిసేది తక్కువ. ఐతే ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ పద్దు వ్రాసుకునే అలవాటు మాత్రం ఉంది. ఆ పద్దు పుస్తకం ముందు పెట్టుకునే ఇది వ్రాస్తున్నాను.

మా అమ్మ రాయగడలో ఒంటరిగా ఉంటుంది. నాన్నగారు కట్టించిన ఇల్లు విడిచి రానంటుంది. నా ఉద్యోగం కోరాపుట్‌లో. 1992లో విడదీయక ముందు రెండూ ఒకే జిల్లా కావడం వల్ల కాబోలు, మా అమ్మ దృష్టిలో కోరాపుట్ ఇప్పటికీ పక్క వీధే! కాని నడుమ నూరు కిలోమీటర్ల పైమాట, అందులో ఘాటీ. 1998లో రైలు మార్గం పూర్తయింది నిజమే. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి ఆయాసం రైలు వేళ చూసుకుని రాదు కదా. అందుకని 2021లో ఒక ఆల్టో 800 కొన్నాను. 2014 మోడల్, అరవై ఒక్క వేల కిలోమీటర్లు తిరిగింది, ధర లక్షా డెబ్బై వేలు. అమ్మినవారు రాయగడలో రిటైరైన ఒక ఉపాధ్యాయుడు.

"విశాఖపట్నంలో ఇంతకన్నా పాతిక వేలు తక్కువకు దొరుకుతుంది బావా" అన్నాడు మా బావమరిది. దొరుకుతుంది. ఐతే ఆంధ్రా నంబరు బండిని ఒడిశాలో పన్నెండు నెలలకు మించి ఉంచుకోవాలంటే అక్కడి రవాణా కార్యాలయం నుంచి అభ్యంతరం లేదనే పత్రం తేవాలి, ఇక్కడ కొత్త నంబరు వేయించుకోవాలి, ఇక్కడి పన్ను మళ్ళీ కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలినది వాపసు రావడానికి ఎన్నిసార్లు తిరగాలో తిరిగినవారిని అడగండి. పైగా సముద్రపు గాలికి ఉన్న బండి పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది, అడుగున తుప్పు తింటూ ఉంటుంది. బేరమాడే ముందు కాళ్ళ దగ్గరి మ్యాట్లు ఎత్తి, నేల రేకును వేలితో నొక్కి చూడండి. రేకు గరగరలాడితే టీ తాగి వచ్చేయండి.

ఇక మొదటి ఏడాది పద్దు. నాలుగు టైర్లు 10,800. ముందు షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు 7,500. క్లచ్ సెట్టు, కూలితో కలిపి 5,200. బ్యాటరీ 3,400. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు 3,200. బ్రేకులు 2,600. రేడియేటర్ గొట్టాలు, కూలెంటు 1,400. వెరసి 34,100. దీనికి ఇన్సూరెన్సు 7,400 కలిపితే 41,500. అంటే కొన్న ధరలో దాదాపు నాలుగో వంతు. పెట్రోలు వేరే.

ఇదంతా చూసి మా ఆవిడ "మోసపోయామా ఏమిటండీ?" అంది. లేదు. ఈ నాలుగో వంతు ఉంటుందని అంచనా వేసుకునే బేరం చేశాను. ఏడేళ్ళ బండిలో రబ్బరుతో చేసినది ఏదైనా ఆయుర్దాయం దగ్గర పడినదే. టైరు అరగకపోయినా వయసు అవుతుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది చూడండి, మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. మా బండి టైర్ల మీద 2014 నాటి ముద్రే ఉంది. టైమింగ్ బెల్టు మరీ ప్రమాదకరం. బయటికి కనబడదు, చప్పుడు చేయదు. తెగిన రోజున బండి ఉన్నచోటే ఆగిపోతుంది. ఆ ఉన్నచోటు లక్ష్మీపూర్ అడవి దారి కావచ్చు. పాత యజమాని ఎప్పుడు మార్చాడో రసీదు చూపలేకపోతే, మార్చలేదనే లెక్క వేసుకోవాలి.

కొత్త కారుకు నాలుగున్నర లక్షలు అప్పు చేసి ఉంటే తొమ్మిది శాతం వడ్డీకి అయిదేళ్ళ పాటు నెలకు 9,341 కట్టాలి. నా 41,500ను పన్నెండుతో భాగిస్తే 3,458. పెట్టుబడి లక్షా డెబ్బై వేలు నా చేతి డబ్బు. రెండో ఏడాది మరమ్మతులు పదకొండు వేలు దాటలేదు. అప్పులిచ్చే బ్యాంకు ఉద్యోగి ఇలా వ్రాయవచ్చునా అని సంపాదకులు నవ్వుతారేమో!

బ్రేకుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కోరాపుట్‌కూ రాయగడకూ ఎత్తులో ఆరు వందల మీటర్లకు పైగా తేడా. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవారిని రోజూ చూస్తాను. బండి బరువంతా అప్పుడు బ్రేకుల మీదే పడుతుంది. ఇక ఇంజను కూడా ఆపేస్తే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతదైన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగి బుడగలు పుట్టాయంటే కాలు నొక్కినా పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. మా మిస్త్రీ ఒడియా కుర్రవాడు, తెలుగు బాగా మాట్లాడతాడు. "సార్, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్చాలి. దాని ఖరీదెంత సార్, మీ ఇంట్లో కూరగాయల ఖర్చు" అన్నాడు. నిజంగానే అంతే.

2022 ఆగస్టులో ఒక రాత్రి పదకొండున్నరకు రాయగడ నుంచి ఫోను. అమ్మ స్పృహ తప్పి పడిపోయింది. పక్కింటివారు 108లో ఆసుపత్రికి చేర్చారు. తేరుకుంది గాని గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోందని, తెల్లవారగానే విశాఖ తీసుకువెళ్ళమనీ వైద్యులు అన్నారట. అమ్మేమో నేను వచ్చేదాకా ఎక్కడికీ కదలనని కూర్చుంది. వాన ఆగకుండా కురుస్తోంది. బయలుదేరే ముందు మా ఆవిడ ఒక్కటే అడిగింది: "బ్రేకులు బాగున్నాయా అండీ?" జూన్‌లోనే మార్పించాను. రెండో గేరులో, ఒక్కోచోట మొదటి గేరులో ఘాటీ దిగాం. మూడు దాటాక రాయగడ చేరాం. పార్వతీపురం, విజయనగరం మీదుగా పొద్దున తొమ్మిదికి విశాఖలో ఉన్నాం. అమ్మ ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా "ఒరేయ్, మెల్లిగా" అంటూనే ఉంది. ఆ వారంలోనే పేస్‌మేకర్ అమర్చారు.

కాగితాల విషయం ఒకటి మరచిపోయాను. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ బండితో పాటు మనకు రాదు, అది వారిదే. ప్రీమియం చూసి ఉలిక్కిపడకండి. ఆర్.సి. మన పేరు మీదికి మారేదాకా ఫారం 29, 30ల నకళ్ళు దగ్గర ఉంచుకోండి.

2029లో మా బండికి పదిహేనేళ్ళు నిండుతాయి. మళ్ళీ అయిదేళ్ళకు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఇప్పటి నిబంధన ప్రకారం 5,000 రుసుం, బండి తనిఖీలో నెగ్గాలి. ఆల్టో 800 తయారీ 2023లో ఆగిపోయింది గాని రాయగడలో విడిభాగాలకు కొరత లేదు. మా అబ్బాయి అమ్మేయమంటాడు. వాళ్ళ నానమ్మ ఒప్పుకోదు.

ప్రస్తుతం ఎడమ వైపు యాక్సిల్ బూటు చిరిగింది. మలుపుల్లో టకటకమని చప్పుడు. బూటు ఒక్కటే ఐతే ఏడు వందలతో పోతుంది. గ్రీజు కారిపోయి దుమ్ము జాయింటులోకి చేరి ఉంటే అయిదారు వేలు. ఆదివారం బండి తెమ్మన్నాడు మిస్త్రీ.