చప్పుడు చెయ్యని పంకా

మా ఇంట్లో రోజూ రాత్రి పది గంటలకి ఒక విమానం లేచేది. పాపం, ఎక్కడికీ వెళ్ళేది కాదు. నా రాతబల్ల కింద సన్నగా ఈల వేస్తూ మొదలై, కీచుమంటూ పెద్దదై, పన్నెండింటికి నేను కంప్యూటరు కట్టేసేదాకా అక్కడే తిరుగుతూ వుండేది.

చిట్కుల్‌లో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో అత్తగారూ, దేవుడూ, టీవీ. రెండో దాంట్లో మేమిద్దరం, బీరువా, నా రాతబల్ల. ఒక పక్క పటాన్‌చెరు, ఇంకో పక్క పాశమైలారం. ఈ చుట్టుపక్కల సంసారాలు నడిచేది తిథి వార నక్షత్రాల మీద కాదు, షిఫ్టుల మీద. మావారు ఇరవై రెండేళ్ళుగా ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ల దగ్గర పని చేస్తున్నారు. ఆయన పగటి షిఫ్టయితే నేను రాత్రి రాస్తాను. రాత్రి షిఫ్టయితే పగలు రాస్తాను. ఎప్పుడు రాసినా ఆయన నిద్రపోయే వేళే, ఆయన నిద్రపోయే గదిలోనే.

"ఏమండీ, ఈ గోల మీకు ఇబ్బందిగా లేదూ?" అని ఎన్నిసార్లు అడిగానో!

"గోలెక్కడుంది? నువ్వు రాసుకో" అని అటు తిరిగి పడుకునేవారు.

ఎంత మంచి మనిషి! నా రెండు నవలల్లో సహనశీలి అయిన భర్త పాత్రకి ఈ ఒక్క మాటే ఆధారం అంటే నమ్మండి.

ఇక కంప్యూటరు సంగతి. ఆస్తులు పెద్దవాళ్ళనుంచి పిల్లలకి వస్తాయంటారు. మాకు అబ్బాయినుంచి వచ్చింది. వాడు ల్యాప్‌టాప్ పట్టుకుని హాస్టలుకి వెళ్ళిపోతూ, తన పాత డెస్క్‌టాప్‌ని నాకు దయచేశాడు. మొన్న మే నెలలో, బయట నలభై డిగ్రీలు దాటిన రోజున, నా కథానాయిక సరిగ్గా పుట్టింటి గడప దాటబోతూ వుండగా, అది టప్పున ఆరిపోయింది. రెండు పేజీలు గంగలో కలిశాయి.

అబ్బాయికి ఫోను చేస్తే, "కూలర్ మార్చాలమ్మా" అన్నాడు.

"ఈ బుల్లి గదిలో కూలరెక్కడ పెడతాన్రా? నీళ్ళెవరు పోస్తారు?"

వాడు నవ్వి నవ్వి, తర్వాత ఓపిగ్గా చెప్పాడు. నేను బి.ఏ. చదివినదాన్ని. అక్బరు పట్టాభిషేకం ఎప్పుడంటే చెబుతాను గానీ, వేడి ఎలా ప్రయాణం చేస్తుందో నాకెవరూ చెప్పలేదు. అందుకని వాడు చెప్పిందంతా వంటింటి భాషలోకి మార్చుకున్నాను. మీకూ అలాగే చెబుతాను.

కంప్యూటరులో ఆలోచించే భాగం ప్రాసెసరు. తపాలాబిళ్ళంత వుంటుంది. పాతకాలం అరవై వాట్ల బల్బుని ఎప్పుడైనా చేత్తో ముట్టుకున్నారా? అంత వేడీ ఆ తపాలాబిళ్ళలోనే పుడుతుంది. నూరు డిగ్రీల దగ్గరికి వచ్చిందంటే అది తన్ను తాను కాపాడుకోడానికి పని తగ్గిస్తుంది. అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతుంది. (ఈ సౌకర్యం ఇల్లాలికి లేదు.)

పులిహోరకి అన్నం వండి గిన్నెలోనే వుంచితే గంటయినా చల్లారదు. పళ్ళెంలో పరిస్తే పది నిమిషాలు చాలు. ఆ పళ్ళెమే హీట్‌సింకు. ప్రాసెసరు మీద రాగి దిమ్మ పెట్టి, దాని వేడిని పల్చటి అల్యూమినియం రేకులకి పంచుతారు. రేకులు ఎన్నెక్కువుంటే పళ్ళెం అంత పెద్దదన్నమాట. మధ్యలో మూసిన రాగి గొట్టాలు. వాటిలో కాసిని నీటిచుక్కలు. అవి కింద ఆవిరై, పైకెళ్ళి, చల్లబడి, మళ్ళీ చుక్కలై లోపలి గోడలవెంట కిందికి చేరతాయి. ఇడ్లీపాత్ర మూత కింద మనం రోజూ చూసే ముచ్చటే. ఇక రేకుల మీద విసరడానికి ఒక పంకా.

మా పాత పంకా చిన్నది. చిన్నది కాబట్టి ఒళ్ళు దాచుకోకుండా తిరగాలి. తిరిగి తిరిగి ఇరుసు అరిగింది, కీచుమంది. మీ ఇంట్లోనే చూడండి. పైన సీలింగు ఫ్యాను నిమిషానికి మూడు వందల యాభై చుట్లు తిరుగుతూ గదంతా గాలి పంచుతుంది, చప్పుడు చెయ్యదు. బల్లమీద ఫ్యాను వెయ్యి దాటి తిరిగినా ఒక్క మనిషికే విసురుతుంది, పైగా రొద. పెద్ద రెక్కలు, నిదానపు నడక — నిశ్శబ్దం రహస్యమంతా ఇదేనట. అందుకని 120 మిల్లీమీటర్ల పంకా వున్నది కొనమన్నాడు.

ముందు పెట్టె విప్పి, పాత పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపాను. రెండు రోజులు నయమనిపించి మళ్ళీ మొదటికొచ్చింది. ఇక తప్పదని జాకెట్ల కొలతలు తీసే టేపుతో పెట్టె లోతు కొలిచి, సరుకుల చీటీ వెనక రాసుకున్నాను: "120 పంకా. నాలుగు రాగి గొట్టాలు. ఎత్తు 160 దాటకూడదు. నాలుగు సూదుల వైరు." ఆ నాలుగో సూది వుంటే, వేడి తక్కువగా వున్నప్పుడు పంకా తనంతట తనే నెమ్మదిస్తుందట.

పటాన్‌చెరులో 219 బస్సెక్కాను. 2023 డిసెంబరు నుంచీ ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టుతో సికింద్రాబాదు చేరి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో దిగబడ్డాను. అంతస్తులన్నీ కంప్యూటరు దుకాణాలే.

"బాబు ఏ గేమ్ ఆడతాడాంటీ?" అన్నాడు కుర్రాడు.

"బాబు కాదు నాయనా, నేనే. ఆడేది గేము కాదు, రాసేది నవల."

అతను నన్ను ఎగాదిగా చూసి, పెళ్ళిపందిరిలా రంగుదీపాలు వెలిగేదొకటి తీశాడు. దీపాలకి చప్పుడు తగ్గుతుందా అని అడిగాను. తగ్గదన్నాడు. నీళ్ళు తిప్పి చల్లబరిచేదొకటి చూపించాడు. నీళ్ళు తిప్పడానికి మోటారు కావాలి కదా, అదీ కాస్తో కూస్తో చప్పుడు చేస్తుందని అబ్బాయి ముందే చెప్పాడు. చివరికి ఒక ముక్కుపొడుం రంగు పంకా తెచ్చి గౌరవంగా బల్లమీద పెట్టాడు. ఆస్ట్రియా వాళ్ళదట. పేరు నాక్టువా, అంటే లాటిన్‌లో చిన్న గుడ్లగూబ. డబ్బామీద బొమ్మ కూడా గుడ్లగూబే. నిశ్శబ్దానికి దాన్ని మించింది లేదన్నాడు. ధర విని నేనూ నిశ్శబ్దమయ్యాను.

చివరికి దాని ధరలో నాలుగో వంతుకి, చీటీలో రాసుకున్న లక్షణాలన్నీ వున్నదాన్ని కొన్నాను. మోత 30 డెసిబెల్స్ లోపేనని డబ్బామీద వుంది.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు, "గుడ్లగూబనా? ఇంట్లోకా? తేకపోవడమే మంచిదైందమ్మా!" అని లెంపలేసుకున్నారు. బెంగాలు వాళ్ళకి అది లక్ష్మీదేవి వాహనమని, దాని రెక్కల అంచున దువ్వెన పళ్ళలాంటి ఈకలుండటం వల్ల రవ్వంత చప్పుడు లేకుండా ఎగురుతుందని చెప్పబోయి, మానేశాను.

ఆదివారం అబ్బాయి వచ్చాడు. ఎండి పెచ్చులు కట్టిన పాత పేస్టు తుడిచి, పెసరగింజంత కొత్త పేస్టు పెట్టి, కొత్తది బిగించాడు. మీట నొక్కితే — నడుస్తోందో లేదో తెలియలేదు. చెయ్యి పెట్టి చూస్తే గాలి తగిలింది.

ఆ రాత్రి నా గది నాకే కొత్తగా వుంది. గోడగడియారం టిక్కుటిక్కులు వినపడ్డాయి. కిటికీ అవతల కీచురాయి గొంతు చించుకుంటోంది.

"చూశారా, ఎంత హాయిగా వుందో!" అన్నాను.

"అంతకు ముందు మాత్రం ఏముంది?" అన్నారు మావారు నిజంగానే.

"పోనీ, ఆ కీచురాయి చూడండి, ఎలా అరుస్తోందో."

"ఏ కీచురాయి?"

నేను కుర్చీలోంచి లేచాను. కిటికీ పూర్తిగా తెరిచాను. ఆయన దగ్గరగా వచ్చి నిలబడి, చెవి ఒగ్గి, తల అడ్డంగా వూపారు.

మర్నాడు చెవుల డాక్టరు గీసిచ్చిన పటంలో, తిన్నగా వస్తున్న గీత 4000 అనే అంకె దగ్గర గోతిలో పడింది. పెద్ద మోతల మధ్య ఏళ్ళతరబడి పనిచేసేవాళ్ళకి మొదట పోయేవి ఈ సన్నటి శబ్దాలేనట. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, అవి పోతే మళ్ళీ మొలవవు. ముందు కీచురాయి పోతుంది. తర్వాత మాటల్లో స, ష, త లాంటి హల్లులు పోతాయి. "సంచీ తెచ్చారా" అంటే "మంచిదే" అంటారెందుకో అప్పటికి గానీ అర్థం కాలేదు. మూడేళ్ళుగా, పిలిస్తే పలకరని ఆయనతో ఎన్ని యుద్ధాలు చేశానో!

ఎనిమిది గంటల డ్యూటీకి మోత 90 డెసిబెల్స్ దాటరాదని మన ఫ్యాక్టరీ నిబంధన. శబ్దంవల్ల వచ్చే చెవుడుని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తన జబ్బుల పట్టికలోనే పెట్టింది.

"చెవుల్లో పెట్టుకోడానికేమీ ఇవ్వలేదా?" అన్నారు డాక్టరుగారు.

మావారు నా వంక చూశారు. ఇచ్చారు. పచ్చటి స్పాంజి బిరడాలు. చొక్కాలు వుతికేటప్పుడు జేబులో ఎన్నోసార్లు దొరికాయి. ఆయన పెట్టుకోలేదు, నేను అడగలేదు. గాలికి కిటికీ రెక్క టకటక కొట్టుకుంటే నా రాతకి అడ్డమని, రెండు బిరడాలు ఆ సందులో దూర్చింది నేనే.

నా చెవికి 30 డెసిబెల్స్ లోపు పంకా కోసం టేపు పట్టుకుని సికింద్రాబాదు వెళ్ళానా! ఆయన చెవికి కావలసింది మా కిటికీ సందులో వుంది.

పోయింది తిరిగి రాదు, వున్నది కాపాడుకోండి అన్నారు డాక్టరుగారు. ఇప్పుడు షిఫ్టుకి వెళ్ళేముందు గుమ్మంలో తనిఖీ జరుగుతుంది: టిఫిను డబ్బా, ఐడీ కార్డు, బిరడాలు. నేను కూడా వంటింట్లోంచి కేకలు మానేసి, ఎదురుగా వచ్చి, ముఖం చూసి చెబుతున్నాను. చిత్రం, ఇలా చెబితే సగం తగువులు పుట్టనే పుట్టవు.

నిన్న రాత్రి రాసుకుంటూ వుంటే ఆయన ఇటు తిరిగి, "ఏమోయ్, ఆ పంకా నడుస్తోందా?" అన్నారు.

"నాకూ వినపడటం లేదండీ" అన్నాను, ఆయన ముఖంలోకి చూస్తూ.