రెండు వైర్ల భాష

ఒక కంపెనీ మోటారు డ్రైవ్, ఇంకో కంపెనీ పీఎల్‌సీ. రెండూ ఎలా మాట్లాడుకుంటాయి? చాలాచోట్ల మోడ్‌బస్‌లో. 1979లో మోడికాన్ అనే అమెరికన్ కంపెనీ తన పీఎల్‌సీల కోసం తయారుచేసింది. ఆ స్పెసిఫికేషన్ బయటపెట్టింది కాబట్టి మిగతా కంపెనీలూ వాడుకున్నాయి. మన క్లాసులో అటెండెన్స్ లాంటిదే. మాస్టర్ ఒక నంబర్ పిలిస్తే ఆ నంబర్ మెషీనే పలుకుతుంది, మిగతావి నోరెత్తవు. నంబర్లు 1 నుంచి 247 దాకా.

తర్వాత ప్రపంచమంతటికీ ఒకే ఫీల్డ్‌బస్ ఉండాలనుకున్నారు. ఏళ్ల తరబడి కొట్టుకుని, చివరికి ఐఈసీ 61158 అనే ఒకే స్టాండర్డ్‌లో ఎనిమిది రకాలు పెట్టారు! ఎవరి భాష వాళ్లు వదల్లేదు.

మా తిరువూరులో మావయ్య ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్. సంక్రాంతి సెలవుల్లో ఆయన వెంట ఒక పత్తి జిన్నింగ్ మిల్లుకి వెళ్లా. స్క్రీన్ మీద 492 అని ఉంది.

"ఇదేంటి అల్లుడూ?" అన్నాడు.

మోడ్‌బస్ అంకెని మోస్తుంది కానీ దాని అర్థాన్ని మోయదు. అర్థం మాన్యువల్‌లో ఉంటుంది, ఇంగ్లీషులో. చూశా. పదితో భాగించాలట. "49.2 హెర్ట్జ్ మావయ్యా."

మావయ్య మోటారు చప్పుడు ఒక్క క్షణం విని, "ఆ, అంతే ఉంటది" అన్నాడు.

ఆ చప్పుడు చదవడం నాకు రాదు. ఆ పేజీ చదవడం ఆయనకి రాదు. సీజన్లో డ్రైవ్ ఆగితే కంపెనీ ఇంజినీరు వచ్చేదాకా పత్తి లారీలు బయట ఆగాల్సిందే. అందుకే ఆ రిజిస్టర్ల పట్టిక తెలుగులో రాస్తున్నా. ఇప్పటికి రెండు పేజీలయింది.